దారి ఎవరిదో అడుగుదాం

ట్రెక్కింగ్ అంటే మన పెద్దోళ్ళకి నవ్వొస్తుంది. సంతకీ, రేషన్‌కీ, ఆస్పత్రికీ మనం నడిచే కొండదారిలో డబ్బులు కట్టి మరీ నడుస్తారా అని! కానీ ఆ దారి మీద పెత్తనం ఎవరిది అన్న దగ్గర నవ్వు ఆగిపోవాలి. తైవాన్ సంగతే చూడండి.

తైవాన్ ఒక దీవి. సగానికి పైగా అడవే. మూడు వేల మీటర్లు దాటిన శిఖరాలే 200కి పైగా ఉన్నాయి. ప్రభుత్వం గుర్తించిన ఆదివాసీ తెగలు 16. అక్కడి కొండదారుల్లో నడవడానికి వేరే దేశాల నుంచి కూడా జనం వస్తారు.

యూషాన్ నేషనల్ పార్కులోని వలామి అలాంటి దారే. అవి బునున్ తెగ వాళ్ళ కొండలు. జపాన్ వాళ్ళు ఆ దీవిని ఏలిన రోజుల్లో, ఎదురుతిరిగిన బునున్‌లని అణచడానికి 1919 నుంచి 1921 దాకా కొండల మీదుగా రోడ్డు వేశారు. పొడవునా పోలీసు ఠాణాలు పెట్టారు. తర్వాత ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని కిందికి దింపారు. ఇవాళ టూరిస్టులు నడిచే వలామి, ఆ పోలీసు రోడ్డులో ఒక ముక్క. 1985లో ఆ కొండలు పార్కు అయ్యాయి. తాతలు వేటాడిన చోట వేట నేరమైంది.

ఇది మనకి కొత్త కథా? సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ గూడెం కొండల్లో తెల్లోళ్ళ సర్కారు ఘాట్ రోడ్డు పని పెట్టింది. సరైన కూలి ఇవ్వకుండా మనవాళ్ళతో చాకిరీ చేయించారు. 1922 మన్యం తిరుగుబాటుకి అదీ ఒక కారణం. మనల్ని అడగకుండా వేసిన దారి మన మీదికే వస్తుంది.

అదే తైవాన్‌లో ఇంకో రకం దారి కూడా ఉంది. స్మంగుస్ అనే అటయల్ తెగ ఊరు. పెద్ద పెద్ద సైప్రస్ జాతి చెట్ల దగ్గరికి వెళ్ళే దారి ఆ ఊరి మీదుగానే. మొదట్లో టూరిస్టుల కోసం ఇళ్ళ మధ్య పోటీ పెరిగింది. అది చూసి చాలా కుటుంబాలు కలిసి సహకార పద్ధతి పెట్టుకున్నాయి. బసలు ఉమ్మడి, ఆదాయం ఉమ్మడి, జీతం సమానం. 2005లో తుఫానుకి ఒక చెట్టు పడింది. అటవీ శాఖ కలప తీసుకెళ్ళాక మిగిలిన మొద్దుని, ఊరి తీర్మానం ప్రకారం ముగ్గురు ఊరికి తెచ్చారు. దొంగతనం కేసు పెట్టారు. ఊరు తగ్గలేదు. 2010లో కోర్టు ఆ ముగ్గురినీ నిర్దోషులంది.

మన ఏజెన్సీకి కూడా ట్రెక్కింగ్ వాళ్ళు వస్తున్నారు. రానివ్వండి. కానీ గైడ్ పని ఇస్తామంటే చాలని ఊరుకోవద్దు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. గ్రామసభ తీర్మానం ఏది? టికెట్ డబ్బు ఎవరి ఖాతాలోకి? దేవర చోటు పక్కనుంచి దారి వద్దంటే వింటారా? 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడే హక్కు మనకిచ్చింది. ఈ ప్రశ్నలకి బలం అక్కడుంది.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. పెద్దోళ్ళతో అడవంతా నడవండి. ప్రతి దారికీ, వాగుకీ, బండకీ మన భాషలో ఉన్న పేరు రాసుకోండి. మ్యాపు గీసి గ్రామసభ ముందు పెట్టండి. వేరేవాళ్ళు బోర్డు పాతక ముందే ఆ పని అయిపోవాలి.

జై ఆదివాసీ!