రొమ్ము క్యాన్సర్‌పై పెదవి విప్పక తప్పదు

1924లో టాటా ఉక్కు సంస్థ కార్మికుల జీతాలకు సైతం తడుముకోవలసిన స్థితికి వచ్చింది. అప్పుడు సర్ దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి నగలను ఇంపీరియల్ బ్యాంకుకు తాకట్టు పెట్టి సంస్థను నిలబెట్టిన వైనం జంషెడ్‌పూర్‌లో నేటికీ చెప్పుకుంటారు. ఆ నగలలో 245 కారట్ల జూబిలీ వజ్రం కూడా ఉంది. బరువులో అది నేటి కోహినూరుకు రెట్టింపు పైమాటే. సంస్థ గట్టెక్కింది. కానీ 1931లో మెహర్‌బాయి రక్త క్యాన్సర్‌తో బ్రిటన్‌లో కన్నుమూశారు. ఆమెకు అక్కడ లభించిన తరహా చికిత్సను భారతదేశానికి రప్పించాలని దొరాబ్జీ తలపోశారు గాని, మరుసటి సంవత్సరమే ఆయన కూడా మరణించారు. ఆయన తలపెట్టిన పని 1941 ఫిబ్రవరి 28న బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిగా రూపు దాల్చింది. 1975లో జంషెడ్‌పూర్‌లోనే ఆమె పేరిట మెహర్‌బాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వెలసింది. జాతీయ క్యాన్సర్ నియంత్రణ కార్యక్రమం మొదలైనది కూడా ఆ సంవత్సరమే.

ఒక ఇంటి దుఃఖం రెండు ఆసుపత్రులుగా మారిన ఈ ఉదంతంలో గర్వించదగిన అంశం ఉంది, ఆలోచించవలసిన అంశం కూడా ఉంది. క్యాన్సర్‌కు ప్రత్యేక ఆసుపత్రి ఊళ్లోనే ఉండటమన్నది అర్ధ శతాబ్దం క్రితం దేశంలో ఏ కొద్ది నగరాలకో దక్కిన భాగ్యం. అయినా ఆసుపత్రి తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన రోగి సకాలంలో గడప తొక్కుతుందన్న భరోసా లేదు. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ సోకింది. అదే ఏడాది దాదాపు 98,000 మంది ఈ వ్యాధితో మరణించారు. అమెరికాలో అదే సంవత్సరం కొత్త రోగుల సంఖ్య మనకంటె ఎక్కువ, సుమారు 2,74,000. మరణాలు మాత్రం 43,000 లోపే. వ్యాధి రెండు చోట్లా ఒకటే. మందులూ చాలావరకు అవే. తేడా ప్రధానంగా రోగి వైద్యుని చేరే సమయంలోనూ, మొదలుపెట్టిన చికిత్సను చివరిదాకా కొనసాగించగలగడంలోనూ ఉంది. మన దేశంలో సగానికి పైగా రోగులు వ్యాధి చంకలోని గ్రంథులకో, ఆపై అవయవాలకో పాకిన తర్వాతనే ఆసుపత్రికి వస్తున్నారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడి స్త్రీలకు ఈ వ్యాధి దాదాపు పదేళ్లు ముందుగా, పిల్లలింకా చదువుకుంటున్న వయసులోనే, సోకుతుండటం మరొక విషాదం.

ఈ జాప్యానికి మొదటి కారణం విచిత్రమైనది. తొలి దశలో గడ్డకు నొప్పి ఉండదు. నొప్పి లేనిది జబ్బే కాదన్నది మన ఇళ్లలో తరతరాలుగా పాతుకుపోయిన లెక్క. పంటి నొప్పికి సెలవు పెట్టించి వైద్యుని వద్దకు తీసుకువెళ్లే కుటుంబం, నొప్పి లేని గడ్డను పండుగ వెళ్లాక చూద్దామంటుంది. పండుగ తర్వాత పెళ్లి, పెళ్లి తర్వాత పిల్లల పరీక్షలు. రెండో కారణం సిగ్గు. పాత తరం క్యాన్సర్‌ను రాచపుండు అని పిలిచేది, ఆ మాటను కూడా గొంతు తగ్గించి పలికేది. ఇక రొమ్ము అన్న మాట నలుగురిలో అనరాని మాట. తెలుగు పత్రికలు సైతం చాలాకాలం వక్షోజమనే సంస్కృత పదం చాటున తలదాచుకున్నాయి. పేరే పలకలేని అవయవానికి వచ్చిన జబ్బును కోడలు అత్తగారికి ఎలా చెబుతుంది? భర్తకు చెప్పినా, ఆయన ఎవరిని అడుగుతాడు?

అందుకే ఈ వ్యాధిని అనుభవించిన స్త్రీలు బహిరంగంగా మాట్లాడిన ప్రతిసారీ ఏదో ఒక మేలు జరుగుతూ వచ్చింది. 1974 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ తనకు రొమ్ము తొలగించారన్న విషయాన్ని దాచలేదు. ఆ వార్త వెలువడిన తర్వాత పరీక్షల కోసం స్త్రీలు బారులు తీరారు. ఆ కాలపు గణాంకాలలో కొత్తగా బయటపడిన కేసుల సంఖ్య ఒక్కసారిగా పెరగడం కనిపిస్తుంది. వ్యాధి పెరగలేదు, దాగి ఉన్నది బయటపడింది.

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణలున్నాయి. జంషెడ్‌పూర్‌లోని కద్మా, సోనారి, గోల్ముడి వంటి పేటలలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉత్తరాంధ్ర నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం ప్రాంతం నుంచి, ఉక్కు కర్మాగారంలో పని కోసం వెళ్లినవే. ఆ శ్రీకాకుళంలోనే పుట్టిన నటి గౌతమి ముప్పై అయిదేళ్ల వయసులో తన రొమ్ములోని గడ్డను తానే గుర్తించారు. చికిత్స పొంది కోలుకున్నారు. ఆ తర్వాత క్యాన్సర్ రోగుల కోసం ఒక సంస్థను నెలకొల్పి, ఊరూరా తిరిగి తన అనుభవాన్ని చెబుతున్నారు. 2021 డిసెంబరులో నటి హంసానందిని జుట్టు పూర్తిగా తీసివేసిన తన ఛాయాచిత్రాన్ని ప్రజల ముందుంచారు. అంతకు పద్దెనిమిదేళ్ల క్రితం ఆమె తల్లి ఇదే వ్యాధితో మరణించారు. జన్యు పరీక్షలో హంసానందినికి బీఆర్‌సీఏ-1 లోపం ఉన్నట్లు తేలింది. ఈ లోపం తల్లి వైపు నుంచే గాక తండ్రి వైపు నుంచి కూడా సంక్రమించవచ్చు. అందాన్నే పెట్టుబడిగా లెక్కించే రంగంలో ఉన్న స్త్రీ ఇలా ముందుకు రావడం సామాన్యమైన సాహసం కాదు. హైదరాబాదులో శస్త్రవైద్యుడు పి. రఘురామ్ తల్లి ఉషాలక్ష్మికి ఈ వ్యాధి సోకడమే 2007లో ఆమె పేరిట ఒక ఫౌండేషన్ ఏర్పడటానికి దారి తీసింది. 2012-16 మధ్య తెలుగు రాష్ట్రాల పల్లెలలో ఆరోగ్య కార్యకర్తల ద్వారా రెండు లక్షల మందికి పైగా పేద స్త్రీలకు పరీక్షలు జరిపించిన ఘనత ఆ సంస్థది.

అయితే వంశపారంపర్య కథలకు ఒక ప్రమాదం ఉంది. వాటిని విన్నవారు తమ ఇంట్లో ఎవరికీ లేదు గనుక తమకు రాదని ధీమా పడతారు. వాస్తవానికి నూటికి అయిదు నుంచి పది కేసులు మాత్రమే వారసత్వంగా వచ్చే లోపాల వల్ల కలుగుతాయి. మిగిలిన వారిలో అత్యధికుల ఇళ్లలో అంతకుముందు ఈ వ్యాధి పేరే వినబడి ఉండదు. నూటికి ఒకరు చొప్పున పురుషులకు కూడా ఇది వస్తుంది. గడ్డ ఒక్కటే లక్షణం కాదు. చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి ముడుచుకుపోవడం, దాని నుంచి రక్తం కారడం, చంకలో బిళ్ల కట్టడం, ఇవన్నీ వైద్యునికి చూపవలసినవే. గడ్డలలో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివేనన్నది కూడా అంతే నిజం. కానీ ఏది అవునో ఏది కాదో చేతితో తడిమి ఇంట్లో తేల్చుకునేది కాదు, సూది పరీక్షతో తేలేది. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న అపోహ ఎంతమంది ప్రాణాలు తీసిందో! రొమ్ము మొత్తం తీసివేస్తారన్న భయం కూడా నేడు చాలామంది విషయంలో నిరాధారం. తొలి దశలో గడ్డను మాత్రమే తొలగించి రేడియేషన్ ఇచ్చినా ఆయుర్దాయం తగ్గదని ఇటలీలో వెరోనేసి, అమెరికాలో ఫిషర్ బృందాలు ఇరవై ఏళ్ల పరిశీలన అనంతరం 2002లో నిర్ధారించాయి. భయపడి ఆలస్యం చేసినవారికే రొమ్ము కోల్పోయే అవకాశం ఎక్కువన్నమాట.

ఇంతవరకు చెప్పినది అవగాహన. ఏటా అక్టోబరు నెలలో గులాబీ రంగు రిబ్బన్లు, నడక పోటీలు, రంగుదీపాల భవనాలు ఈ అవగాహన కోసమే. అవి అక్కర్లేదని అనలేం. కానీ అవగాహనతోనే పని పూర్తవుతుందనుకోవడం పొరపాటు. షాంఘై జౌళి మిల్లులలో 2,66,000 మంది స్త్రీలపై జరిగిన పరిశీలన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తమను తాము ఎలా పరీక్షించుకోవాలో శ్రద్ధగా నేర్పించిన స్త్రీలలోనూ, నేర్పించని వారిలోనూ ఈ వ్యాధి మరణాలు ఒకే తీరుగా ఉన్నాయి. ఇది కూడా పారిశ్రామిక కార్మికుల కథే గనుక జంషెడ్‌పూర్ వంటి పట్టణం ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. స్త్రీ తన శరీరంలోని మార్పును గమనించుకోవడం అవసరమే, గౌతమి అనుభవం చెప్పేది అదే. కానీ బాధ్యత మొత్తం ఆమె నెత్తిన వేసి సమాజం చేతులు దులుపుకోవడానికి శాస్త్రం అంగీకరించదు.

మరి ఏది పనిచేస్తుంది? దీనికి సమాధానం విదేశాల నుంచి రాలేదు, ముంబాయి మురికివాడల నుంచి వచ్చింది. 1998లో టాటా మెమోరియల్ వైద్యుడు ఇంద్రనీల్ మిత్ర నాయకత్వంలో లక్షన్నర మంది స్త్రీలతో ఒక పరిశీలన మొదలైంది. సగం మందికి పదో తరగతి చదివిన స్థానిక మహిళలు, కొద్ది వారాల శిక్షణ పొంది, రెండేళ్లకొకసారి చేతితో పరీక్ష జరిపారు. మిగిలిన సగం మందికి ఒక విడత అవగాహన పాఠాలు చెప్పి, ఆపై వారి ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, పరీక్షలు జరిగిన వర్గంలో వ్యాధి ముందుగా బయటపడింది. యాభై ఏళ్లు దాటిన స్త్రీలలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో మరణాలలో తగ్గుదల కనిపించలేదన్న సంగతిని కూడా పరిశోధకులు దాచలేదు. ఖరీదైన మామోగ్రఫీ యంత్రం ఊరూరా ఉండాలన్న నియమం లేదు, శిక్షణ పొందిన చెయ్యి గడప దగ్గరకు వస్తే చాలా ప్రాణాలు నిలబడతాయి.

ఈ పని ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు జరపాలన్న మార్గదర్శకాలు 2016లోనే వెలువడ్డాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష జరిగినదని చెప్పినవారు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా కాదు! మామోగ్రఫీ సంగతి దేవుడెరుగు, చేతి పరీక్షకే ఈ గతి.

జార్ఖండ్‌లో ఆశా కార్యకర్తను సహియా అంటారు, చెలి అని అర్థం. ఆ పేరు పెట్టినవారి ఊహ గొప్పది. రొమ్ము గురించి మాట్లాడటానికి స్త్రీకి వైద్యుని కంటె ముందు కావలసినది చెలియే. కానీ గర్భిణుల నమోదు, టీకాలు, మలేరియా, క్షయ, ఇన్ని పనుల నడుమ అరకొర ప్రోత్సాహకాలతో నెట్టుకొస్తున్న సహియాకు ఈ బాధ్యతను కూడా ఉత్తర్వు ద్వారా అప్పగించి ఊరుకుంటే ఫలితం 0.9 దగ్గరే ఆగిపోతుంది. ముంబాయిలో పరీక్షలు జరిపిన మహిళలకు అదే పని, దానికి తగిన శిక్షణ, వెనుక ఒక పెద్ద ఆసుపత్రి ఉన్నాయి. ఈ మూడూ సమకూర్చగల పట్టణాలలో జంషెడ్‌పూర్ ముందు వరుసలో నిలుస్తుంది. 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని, 1915లో ఉచిత వైద్యాన్ని అమలు చేసిన ఊరికి ఇది అసాధ్యమనడానికి వీల్లేదు. కర్మాగారంలో ప్రతి యంత్రానికీ తనిఖీ తేదీ రాసి ఉంటుంది. కార్మికుని ఇంట్లో స్త్రీకి ఏ తేదీ లేదు.

ఇక్కడ ఒక గీత ఉందని మరువరాదు. శాశ్వత ఉద్యోగి భార్యకు కంపెనీ వైద్యం అందుతుంది. కాంట్రాక్టు కూలీ భార్యకు, మాంగో, ఆదిత్యపూర్ బస్తీల నుంచి వచ్చి ఇళ్లలో పాచిపని చేసే ఆమెకు, పోట్కా, పటమదా గ్రామాల ఆదివాసీ స్త్రీకి ఆ వసతి లేదు. 2018 సెప్టెంబరు 23న ఇదే రాష్ట్ర రాజధాని రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా అయిదు లక్షల రూపాయల వైద్యం హామీ ఇచ్చింది. అది మంచి అడుగే. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం, చేరికకు మూడు రోజుల ముందటి ఖర్చు వరకే అది చూస్తుంది. రొమ్ములో గడ్డ ఏమిటో తేల్చుకునేందుకు వారాల తరబడి తిరిగే తిరుగుడు, పోయిన రోజు కూలి, తోడు వచ్చిన మనిషి భోజనం దాని లెక్కలోకి రావు. పేదింటి ఆడది తప్పుకునేది సరిగ్గా అక్కడే. 2024 బడ్జెట్‌లో ఈ వ్యాధికి వాడే ఒక ఖరీదైన మందుపై కస్టమ్స్ సుంకం ఎత్తివేశారు. 2025 బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రులలో క్యాన్సర్ డే-కేర్ కేంద్రాలు నెలకొల్పుతామన్నారు. రెండూ రోగ నిర్ధారణ జరిగిన తర్వాత ఉపయోగపడేవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రారంభించిన కార్యక్రమం ఇందుకు మూడు కొలబద్దలు నిర్ణయించింది. రోగులలో 60 శాతానికి పైగా తొలి రెండు దశలలోనే బయటపడాలి, వైద్యుని వద్దకు వచ్చిన 60 రోజులలోగా నిర్ధారణ పూర్తి కావాలి, 80 శాతం మంది చికిత్సను చివరిదాకా ముగించాలి. ఈ మూడు అంకెలను ప్రతి జిల్లా ఆసుపత్రి, ప్రతి క్యాన్సర్ కేంద్రం ఏటా అక్టోబరులో తమ గోడమీద రాసిపెడితే రిబ్బన్లకు కూడా అర్థం చేకూరుతుంది. టాటానగర్‌లో రైలెక్కి సొంత ఊరు వెళ్లే తెలుగు కుటుంబాలకు అటు చివర విశాఖపట్నం సమీపాన అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రమే నడుపుతున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఇటు చివర మెహర్‌బాయి పేరిట ఆసుపత్రి ఉంది. ఈ రెంటిలో ఎక్కడికైనా ఆమె గడ్డ కనిపించిన నెలలోనే వచ్చిందా, ఏడాది గడిచాక వచ్చిందా అన్న ఒక్క ప్రశ్నను నమోదు చేసి ప్రకటించడానికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు.