ఆ డిలీట్ నొక్కకండి!

డల్లాస్‌లో మాదో చిన్న కంపెనీ. ఆస్పత్రులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఆ మధ్య ఫెడరల్ సబ్‌పీనా వచ్చింది. అంటే ఫలానా రికార్డులు, ఈమెయిళ్లు అప్పజెప్పమని తాఖీదు అన్నమాట.

మా మేనేజర్ మన తెలుగాయనే. కంగారుగా నా సీటు దగ్గరికొచ్చి, "తమ్ముడూ, పాత మెయిళ్లు కాస్త క్లీన్ చేసెయ్" అన్నాడు. నేనేమో వీసా మీదున్నవాణ్ణి. కాదంటే ఉద్యోగం ఏమవుతుందోనని భయం. అయినా, "అన్నా, లాయర్‌ని ఒక్క మాట అడుగుదాం" అన్నాను.

లాయరమ్మ మొదటి మాటే, "ఏదీ చెరపొద్దు!" ఎన్రాన్ గొడవలో దాని ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్ కాగితాలు ముక్కలు చేయించింది. 2002లో దోషిగా తేలింది. 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది గానీ అప్పటికే అంత పెద్ద సంస్థా కుప్పకూలింది. 2002లోనే వచ్చిన సర్బేన్స్-ఆక్స్‌లీ చట్టం ప్రకారం, ఫెడరల్ దర్యాప్తుకి అడ్డుపడాలని రికార్డులు చెరిపితే 20 ఏళ్ల దాకా జైలు.

అది వినగానే నా గుండె జారింది. 90 రోజులు దాటిన లాగ్స్‌ని రోజూ అర్ధరాత్రి చెరిపేసే స్క్రిప్ట్ రాసింది నేనే! పరుగున వెళ్లి ఆపేశాను.

విచారణ ఇంకా నడుస్తోంది. మీ ఆఫీసుకీ ఇలాంటి నోటీసొస్తే ముందు ఆటో డిలీట్ ఆపండి. తర్వాత లాయర్‌ని పిలవండి. తెలియనిదాన్ని ఊహించి చెప్పకండి. పాత తప్పుకి జరిమానాతో బయటపడొచ్చేమో, దాన్ని దాచబోతే మాత్రం అది కొత్త నేరం.