అలైన్‌మెంట్‌ కన్నా ముందు చూడాల్సినవి

ఎండలు ముదిరాయంటే హైదరాబాద్‌లోని నల్లకుంట, విద్యానగర్, అడిక్‌మెట్ గల్లీల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నీళ్ల ట్యాంకర్లే. ఐదు వేల లీటర్లంటే ఐదు టన్నుల నీళ్లు. అంత బరువుతో సందులోకి దూరాలి, ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ సంపు పక్కన ఆగాలి, మళ్లీ అలాగే బయటపడాలి. చోటు చాలక, బండి నిలబడి ఉండగానే స్టీరింగ్ కడదాకా తిప్పేస్తారు. పవర్ స్టీరింగ్ పుణ్యమా అని ఆ శ్రమ డ్రైవరు చేతులకు తెలియదు. దాన్ని మోసేది ముందు టైర్లు, వాటి వెనకున్న జాయింట్లు. కొన్నాళ్లకు ఒక టైరు లోపలి అంచు గుండవుతుంది, బయటి అంచు కొత్తదానిలాగే ఉంటుంది. బండి ఒక పక్కకు లాగుతుంది.

అప్పుడు యజమాని చేసే పనులు రెండు. కుడి టైరు ఎడమకు, ఎడమది కుడికి మార్పిస్తాడు. లేదంటే చక్రాల కోణాలను సరిచేసే అలైన్‌మెంట్‌కు పంపిస్తాడు. రెండూ తొందరపాటు పనులే. మొదటిది సాక్ష్యాన్ని చెరిపేస్తుంది, రెండోది కారణం తెలియకుండానే మందు వేస్తుంది. నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రిని పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. అక్కడికి జ్వరంతో వచ్చినవాణ్ని మలేరియానా, టైఫాయిడా, డెంగీనా అని పరీక్షించకుండా పంపరు. ముందు టైరు అరుగుదల కూడా ఆ జ్వరం లాంటిదే.

అరుగుదలను చదవడానికి యంత్రాలు అక్కర్లేదు. రెండు అంచులూ అరిగి మధ్య భాగం నిలిచిందంటే గాలి తక్కువ. మధ్యలో అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. ఇనప రాడ్డుతో టైరును కొట్టి, చప్పుడు విని, ‘గాలి బాగానే ఉంది’ అనే అలవాటు మన డ్రైవర్లలో బలంగా ఉంది. పూర్తిగా దిగిన టైరును ఆ చప్పుడు పట్టిస్తుందేమో గానీ, పది పదిహేను పౌండ్ల తేడాను పట్టించదు. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజితో చూడాల్సిందే. టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు పడితే బ్యాలెన్సింగ్, షాక్ అబ్జార్బర్లు, హబ్ బేరింగులు చూడాలి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అరచేయి. టైరు మీద బయటి నుంచి లోపలికి జరిపితే నునుపుగా ఉండి, లోపలి నుంచి బయటికి లాగితే రంపంలా గీసుకుంటే చక్రాల ముందు భాగాలు అవసరానికి మించి లోపలికి తిరిగాయని అర్థం. అటుదిటైతే బయటికి తిరిగాయన్నమాట.

ఈ తిరుగుడు కంటికి ఆనేంత ఉండదు. ఒక చక్రం మీటరుకు 3 మిల్లీమీటర్లు తప్పుగా తిరిగి ఉందనుకుందాం. కిలోమీటరు నడిచేసరికి ఆ టైరు 3 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు లెక్క. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. అంటే అక్కడికి చేరేలోగా ఆ రబ్బరు ఎనిమిది వందల మీటర్లు అడ్డంగా రాసుకుంటుంది. కంపెనీ నాసిరకం టైరు అంటగట్టిందని తిట్టుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

అయితే వెంటనే అలైన్‌మెంట్‌ చేయించవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. చాలా లారీలకు ముందు యాక్సిల్ ఒకే ఇనప దూలం. కొన్ని కార్లలో మాదిరిగా అన్ని కోణాలనూ మరలతో సవరించడం కుదరదు. మామూలుగా మార్చగలిగేది రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ పొడవొక్కటే. చక్రం ఇటూ అటూ తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్ బుష్‌లు అరిగి ఊగుతున్న బండికి టై రాడ్ ఎంత కొలిచి బిగించినా షెడ్డు గేటు దాటగానే కొలత మారిపోతుంది. అరిగిన కింగ్‌పిన్ మీద బరువు పడితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, లోపలి అంచు అరుగుతుంది. దీనికి అలైన్‌మెంట్‌ బిల్లు కట్టడమంటే డబ్బు పోసి టైరు అరగదీసుకోవడమే.

అందుకే ముందు జాకీ ఎత్తాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగుతుంటే క్యాబిన్‌లో ఒకరు బ్రేకు తొక్కాలి. బ్రేకు పడగానే ఊపు ఆగితే దోషం హబ్ బేరింగులో ఉంది, ఆగకపోతే కింగ్‌పిన్‌లో. చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి బయటపడుతుంది. తర్వాత బండిని దించి, ఇంజన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను ఇటూ అటూ కొద్దికొద్దిగా ఆడిస్తుంటే, ఇంకొకరు డ్రాగ్ లింకునూ స్టీరింగ్ బాక్సు బోల్టులనూ కమాను పట్టీల పిన్నులనూ గమనించాలి. ఎక్కడ ఒకటి కదిలి, దాన్ని పట్టుకున్న రెండోది ఆలస్యంగా కదులుతుందో జబ్బు అక్కడుంది. ఇదంతా కొన్ని నిమిషాల పని.

బండి ఎడమకు లాగినంత మాత్రాన అది లోపం కానక్కర్లేదు. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన నడిచే బండి కాస్త అటు జారుతుంది. చదునైన చోట కూడా లాగితే అప్పుడు అనుమానించాలి. ఒక హబ్ రెండో దానికన్నా బాగా వేడెక్కితే బ్రేకు పట్టుకుని ఉందేమో చూడాలి. స్టీరింగ్ వంకరగా పట్టుకుంటేనే బండి నేరుగా పోతుంటే వెనక్కి వెళ్లాలి. కమాను సెంటర్ బోల్టు తెగి వెనక యాక్సిల్ కొద్దిగా జరిగినా, ఆ వంకరను సరిదిద్దే శిక్ష ముందు టైర్లకే పడుతుంది. ముందు టైర్ల గురించి వచ్చిన బండి వెనక భాగాన్ని చూసే మెకానిక్ దొరికితే వదులుకోవద్దు.

గల్లీల్లో తిరిగే బండ్లకు ఇంకో బెడద ఉంది. మలుపులో లోపలి చక్రం బయటి దానికన్నా ఎక్కువ తిరగాలి. ఈ అమరికకు అకెర్‌మాన్ అనే ఆయన 1818లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఆలోచన మాత్రం మ్యూనిక్‌లోని లాంకెన్‌స్పెర్గర్‌ది. గట్టు తగిలి, ఆ అమరికను నిలిపే స్టీరింగ్ ఆర్మ్ వంగిందా, నేరుగా పోయేటప్పుడు కొలతలన్నీ సరిగ్గానే ఉండి మలుపుల్లోనే టైరు నలుగుతుంది. అలైన్‌మెంట్‌ కాగితం మీద అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఈ జ్యామితి మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల పాఠం. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ నల్లకుంటకు కూతవేటు దూరంలోనే ఉంది. ఆ పాఠం తార్నాక రోడ్డు పక్క షెడ్డుదాకా చేరకపోవడానికి మెకానిక్‌ను నిందించి లాభం లేదు. ట్రిప్పుకింత అని కూలి కట్టే చోట బండిని అరపూట ఆపే స్తోమత డ్రైవరుకు ఉండదు. యజమానికి టైరు ఖర్చు కనిపిస్తుంది గానీ దాని కారణం కనిపించదు.

చట్టం చూపూ అంతంతే. ఎనిమిదేళ్ల లోపు రవాణా వాహనానికి రెండేళ్లకోసారి, దాటితే ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది నిబంధన. ఎంత మిగిలిందన్నదే దాని ప్రశ్న, ఏ పక్క ఎందుకు పోయిందన్నది కాదు. జాయింట్ల ఆటనూ చక్రాల పక్క జారుడునూ కొలిచే పరికరాలున్న ఆటోమేటెడ్ పరీక్షా కేంద్రాలు ఈ లోటును కొంత తీర్చగలవు. కానీ జాయింటు వదులైన ముందు టైరు నెలల్లోనే పాడవుతుంది, పరీక్ష ఏడాదికి గానీ రాదు. ఆర్టీసీ డిపోల్లో ఒక్కో టైరుకూ నంబరు, అది తిరిగిన కిలోమీటర్ల లెక్క ఉంటాయి. రీట్రెడ్ చేసిన టైర్లను ముందుకు వేయరు. ఇలా లెక్క రాసుకోవడం ప్రైవేటు ట్యాంకర్లకు అసాధ్యమేమీ కాదు. ట్యాంకర్లను అద్దెకు పెట్టుకునే ప్రభుత్వ సంస్థలు, ముందు టైర్ల గాడి లోతును లోపలా మధ్యా బయటా మూడు చోట్ల నెలకోసారి కొలిచి రాయాలని ఒప్పందంలో చేర్చాలి. కొలత తేడా వచ్చిన బండిని జాకీ పరీక్ష చేశాకే మళ్లీ రోడ్డెక్కించాలి.

లారీ యజమానులకు ఒక మాట. అరిగిన టైరు విప్పినప్పుడు దాన్ని వెంటనే రీట్రెడింగ్‌కు తోసేయకండి. అది ఏ పక్కదో, ఎటు తిరిగిందో సుద్దముక్కతో దాని మీదే రాసి మెకానిక్‌కు చూపించండి. జాకీ ఎత్తకుండా అలైన్‌మెంట్‌కు పంపమనేవాడైతే ఇంకో షెడ్డు చూసుకోండి.