రూ.850 కోట్ల సూపర్ కంప్యూటర్లు సరే.. వాటికి పని పంచేదెవరు?

తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే తెలిస్తే ఊళ్లు ఖాళీ చేయించొచ్చు. ఆలస్యంగా వచ్చిన అంచనాతో ఎవరికీ ఉపయోగం లేదు. అందుకే 2024 సెప్టెంబర్‌లో కేంద్రం పుణెలో ‘అర్క’, నోయిడాలో ‘అరుణిక’ సూపర్ కంప్యూటర్లను ప్రారంభించింది. ఖర్చు రూ.850 కోట్లు. 2025 మేలో వచ్చిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ మన ప్రాంతాన్ని 12 కాదు, దాదాపు 6 కిలోమీటర్ల గడులుగా చూస్తోంది. గడి వెడల్పు సగమైతే గడులు నాలుగు రెట్లు అవుతాయి.. లెక్కలు అంతకంటే ఎక్కువే!

అసలు చిక్కు ఇక్కడే

గడులను వేల ప్రాసెసర్లకు సమానంగా పంచారనుకోండి. ఆకాశం నిర్మలంగా ఉన్న గడి లెక్క త్వరగా తేలిపోతుంది. ఉరుముల మేఘాలున్న గడి మాత్రం సతాయిస్తుంది. పది మంది నాట్లేస్తుంటే ఒక్కరి మడి మిగిలినా మిగతావాళ్లు గట్టు మీద కూర్చోవాల్సిందే కదా.. ఇదీ అంతే. కోట్ల రూపాయల ప్రాసెసర్లు ఖాళీగా ఉంటాయి.

ఈ పని పంచే సాఫ్ట్‌వేరే టాస్క్ షెడ్యూలర్. ఏ లెక్క దేని కోసం ఆగాలో ఇది చూస్తుంది. చాలా షెడ్యూలర్లలో ఖాళీ అయిన ప్రాసెసర్ పక్కదాని క్యూలోంచి పని లాక్కుంటుంది. దీన్నే ‘వర్క్ స్టీలింగ్’ అంటారు. 1990ల్లో అమెరికాలోని ఎంఐటీ తయారుచేసిన ‘సిల్క్’ దీనికి పేరు తెచ్చింది.

రెడీమేడ్ చాలదా?

చాలాసార్లు చాలు. కానీ పైథాన్‌లో బాగా వాడే ‘డాస్క్’లో ఒక్కో టాస్క్‌కు మిల్లీసెకను వరకు అదనపు భారం పడొచ్చు. టాస్క్ కూడా మిల్లీసెకనుదే అయితే? సగం టైమ్ పంపకాలకే పోతుంది! అప్పుడే సొంత షెడ్యూలర్ ఆలోచన వస్తుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో లక్ష్మీకాంత్ కాలే బృందం ‘చార్మ్++’ను తయారుచేసింది. నడుస్తుండగానే పనిని ఒక ప్రాసెసర్ నుంచి మరోదానికి మార్చడం దీని ప్రత్యేకత. అణువుల కదలికలను లెక్కగట్టే ‘నామ్డ్’ సాఫ్ట్‌వేర్ దీనిపైనే నడుస్తుంది. కోవిడ్ వైరస్ స్పైక్‌ను నామ్డ్‌తో అధ్యయనం చేసిన బృందానికి 2020లో గోర్డన్ బెల్ ప్రత్యేక బహుమతి వచ్చింది.

అయితే సొంతంగా కట్టడం తేలికేం కాదు. పనుల వరుస ప్రతిసారీ మారొచ్చు కాబట్టి తప్పు దొరకబట్టడం కష్టం. ప్రోగ్రామ్‌లో 5 శాతం పని ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలంటే, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. ఏ షెడ్యూలరూ దీన్ని మార్చలేదు.

అందుకే యంత్రం కొంటే సగం పనే అయినట్టు. పని సరిగ్గా పంచే ఇంజినీర్లపైనా ఖర్చు పెడితేనే ఆ రూ.850 కోట్లకు పూర్తి ఫలితం. లేదంటే తుపాను మాత్రం మన కోసం ఆగదు!