మందు మానలేదు, పరీక్షే మానేశాను

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం షుగర్ వ్యాధి ఉందని తేలింది. మొదటి ఆరు నెలలూ డాక్టరుగారు చెప్పినట్టు తు.చ. తప్పకుండా పథ్యం చేశాను. హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి 6.8కి దిగింది. తరవాత మెల్లగా పట్టు సడలింది. మెట్‌ఫార్మిన్ మాత్రలు మాత్రం వేసుకుంటున్నాను. ఇంట్లో గ్లూకోమీటరు ఉంది గాని, అంకె చూడాలంటే భయం వేసి నాలుగు నెలలుగా ముట్టుకోలేదు. ఒంట్లో ఏ బాధా లేదు. మళ్ళీ ఆ పట్టుదల రావాలంటే ఏం చెయ్యాలి? మామిడిపండు తినవచ్చా?
— పేరు రాయవద్దన్న పాఠకుడు, తణుకు

జవాబు: ఒంట్లో ఏ బాధా లేదన్నారు. ఈ జబ్బులో చిక్కంతా అక్కడే ఉంది. పన్ను నొప్పి పెడితే ఎవరూ చెప్పకుండానే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. రక్తంలో చక్కెర 220 ఉన్నా చాలామందికి నొప్పీ ఉండదు, మంటా ఉండదు. కాని కంటి రెటీనాలోని సన్నటి రక్తనాళాలూ, మూత్రపిండాలూ, పాదాల నరాలూ చప్పుడు లేకుండా దెబ్బతింటూనే ఉంటాయి.

మొదటి ఆరు నెలల పట్టుదల మీకు భయంవల్ల వచ్చింది. ఆ భయం తగ్గిపోవటం సహజం. మళ్ళీ దాన్నే తెచ్చుకోవాలని చూడకండి. అంత కఠినమైన పథ్యం మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అలాగే మధ్యలో ఆగుతుంది. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధనలో, ఒక వర్గానికి హెచ్‌బీఏ1సీ 7.0 ఉంటే, రెండో వర్గానికి 7.9 ఉంది. తేడా ఒక్క అంకె కూడా లేదు. అయినా కళ్ళు, మూత్రపిండాలవంటి చోట్ల సన్నటి రక్తనాళాలకు వచ్చే ముప్పు మొదటి వర్గంలో 25 శాతం తగ్గింది. అది ఏళ్ళ తరబడి చేస్తే వచ్చిన ఫలితం, ఆరు నెలలకు వచ్చింది కాదు. అందుకే మీకు కావలసింది పదేళ్ళు చెయ్యగలిగిన పథ్యం, కాస్త మెత్తనిదైనా సరే.

మీటరు సంగతి చూద్దాం. మీరు దాన్ని మార్కుల కాగితంలా చూస్తున్నారు. తక్కువ వస్తే సంతోషం, ఎక్కువ వస్తే దోషిలా నిలబడటం. అలా అయితే ఎవరు మాత్రం సూది గుచ్చుకుంటారు? మన పెద్దవారు బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచి రంగు చూసుకునేవారు. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేగాని మూత్రంలో కనబడదు; కనబడినా ఏ ముద్దవల్ల వచ్చిందో తెలిసేది కాదు. మీ చేతిలో ఉన్న మీటరు ఆ సంగతి చెప్పగలదు. అడగాలంతే.

మీరు ఎక్కువగా తినే పూట ఒకటి ఎంచుకోండి, మధ్యాహ్న భోజనం అనుకుందాం. మొదటి రోజు మామూలుగా తినండి. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి రాసుకోండి. రెండో రోజు ఒక గరిటె అన్నం తగ్గించి, ఆ మేరకు కూర పెంచి, ముందు కూరా పప్పూ తిని తరవాత అన్నానికి రండి. మూడో రోజు మొదటి రోజులాగే తిని, చెయ్యి కడుక్కున్నాక పావుగంట నడవండి. ఆరు స్ట్రిప్పులతో మీ ఒంటికి ఏది పనిచేస్తుందో చాలావరకు తెలుస్తుంది. ఇంతకన్నా మంచి డైట్ చార్టు నేను రాసివ్వలేను. సాధారణంగా భోజనానికి ముందు 80-130, రెండు గంటలకు 180 లోపు ఉంటే బాగున్నట్టు. పెద్ద వయసువారికి డాక్టరు కొంత సడలిస్తారు.

అన్నం మానేసి రాత్రిళ్ళు నాలుగు చపాతీలు లాగించేవారూ, రాగిజావ ఎంత తాగినా ఫరవాలేదనుకునేవారూ కూడా ఈ పరీక్ష చేసుకోవాలి. గోధుమలోనూ రాగిలోనూ పిండిపదార్థం బియ్యం కంటే మరీ తక్కువేమీ కాదు. జావ అయితే ఇంకా తొందరగా ఒంటబడుతుంది.

సూది గుచ్చేముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. పండు కోసిన వేలితో చూస్తే అంకె అబద్ధం చెబుతుంది. వేలి కొసన కాక పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. మీటర్లలో పదీ పదిహేను శాతం తేడా మామూలే. 142కీ 150కీ మధ్య కంగారుపడవలసిందేమీ లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడే మీకు రోజూ పరీక్ష అక్కర్లేదు. ఇన్సులిన్ వాడేవారి లెక్క వేరు. వారూ, గ్లైమిపిరైడ్‌వంటి మాత్రలు వాడేవారూ డాక్టరును అడగకుండా భోజనం తగ్గించకూడదు. చెమటలు, వణుకు వచ్చి 70 కన్నా తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి.

ఈ వారమే హెచ్‌బీఏ1సీ చేయించి మీ డాక్టరుకు చూపించండి. ఎక్కువ వచ్చి రెండో మాత్ర చేర్చినా చిన్నబుచ్చుకోకండి. ఏళ్ళు గడిచేకొద్దీ క్లోమగ్రంథి శక్తి తగ్గటం ఈ జబ్బు లక్షణం. ఎంత పథ్యం చేసినవారికైనా ఆ అవసరం రావచ్చు. కంటి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించి ఏడాది దాటితే అవీ చేయించండి. రోజూ పడుకోబోయే ముందు అరికాళ్ళు చూసుకోండి. మీ ఆవిడగారితో మాత్రం ఒక మాట: కొలిచి వడ్డించండి చాలు, విస్తరి దగ్గర కాపలా కాయకండి. కాపలా కాస్తే వీధిలో తినివస్తారు.

మామిడిపండు తినవచ్చు. రసం తీసి తాగకండి. బంగినపల్లి అయితే ఒక చెక్క చాలు. పెరుగన్నంలో నంజుకునే అలవాటుంటే ఆ పూట అన్నం సగం చెయ్యండి. రెండు గంటలాగి మీటరు తియ్యండి. 180 లోపు ఉంటే ఆ కొలత మీకు సరిపోయినట్టే. 230 కనబడితే ఈసారి చెక్క ఇంకాస్త సన్నగా కొయ్యండి.