డ్రైవరు పిలుపు ఎవరికి చేరుతుంది?

న్యూఢిల్లీ: రైలు భద్రత ప్రస్తావన వచ్చినప్పుడల్లా రైల్ భవన్‌లో వినిపించే మాట ‘కవచ్’. బండ్లు ఢీకొనకుండా ఆపే ఆ పరికరం విలువను కాదనేవారు లేరు. దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర అది మొదట అమలుకు రావడం మన ప్రాంతానికి గర్వకారణం కూడా. కాని అంతకంటె ప్రాథమికమైన ప్రశ్న ఒకటి మరుగున పడుతున్నది. నడిదారిలో ఆగిపోయిన బండి డ్రైవరు, ఆ మార్గాన్ని పర్యవేక్షించే సెక్షన్ కంట్రోలరును తక్షణం, నేరుగా పిలవగలడా?

డ్రైవరు వద్ద, గార్డు వద్ద 5 వాట్ల వాకీటాకీలు ఉంటాయి. వాటి మాట కొద్ది కిలోమీటర్లు పోతుంది. కొండల నడుమ అంత కూడా పోదు. దగ్గరి స్టేషన్ మాస్టరు వింటే, ఆయన టెలిఫోన్‌లో డివిజన్ కేంద్రంలోని కంట్రోలరుకు చెప్పాలి. విద్యుదీకరించిన మార్గాలలో పట్టాల పక్కన సుమారు కిలోమీటరుకు ఒకటి చొప్పున సాకెట్లున్నాయి. బండి దిగి, చీకటిలో నడిచి, చేతి టెలిఫోన్‌ను అందులో తగిలిస్తే కంట్రోలరు పలుకుతాడు. మొబైల్ ఫోన్ ఉన్నది, సిగ్నల్ అందిన చోట. ఏదీ కుదరకపోతే నిబంధనల ప్రకారం 600 మీటర్ల దూరాన ఒక డిటొనేటరు, 1,200 మీటర్ల వద్ద మూడు పట్టాలపై అమర్చి రావాలి. 2022 జనవరిలో గార్డు పేరు ట్రెయిన్ మేనేజరుగా మారింది. నడవవలసిన దూరం మాత్రం మారలేదు.

ఆ దూరం నడిచే వ్యవధి అన్నివేళలా దొరకదు. 1995 ఆగస్టు 20 తెల్లవారుజామున ఫిరోజాబాద్ వద్ద కాళింది ఎక్స్‌ప్రెస్ పశువును ఢీకొని నిలిచిపోయింది. అది నిలిచిన సంగతి తెలియకుండానే వెనుక వచ్చే పురుషోత్తం ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చారు. మూడు వందల మందికి పైగా మరణించారు. 1998 నవంబరు 26న పంజాబ్‌లోని ఖన్నా వద్ద పట్టా విరిగి ఒక బండి పెట్టెలు పక్క మార్గంపై పడగా, ఎదురుగా వచ్చిన సియాల్దా ఎక్స్‌ప్రెస్ వాటిని ఢీకొన్నది. 212 మంది బలి అయ్యారు. రెండు చోట్లా వార్త కంటె బండి ముందు చేరింది.

అమెరికా సరుకు రైల్వేలలో ఒక్కొక్క డిస్పాచరు కింద వందల మైళ్ల మార్గం ఉంటుంది. అన్ని సంభాషణలను అతడు నిరంతరం వినజాలడు. అందువల్ల డ్రైవరు రేడియోపై నిర్ణీత అంకె నొక్కుతాడు. ఆ ధ్వని సంకేతం దగ్గరి టవర్ ద్వారా డిస్పాచరు బల్లను చేరి, ఏ ప్రాంతం నుంచి పిలుపు వచ్చిందో చూపుతుంది. అత్యవసరానికి వేరే సంకేతం. ఇది కొత్త విద్యేమీ కాదు, దశాబ్దాల నాటి పద్ధతి. నోరు విప్పకముందే పిలుపు ఎంత తీవ్రమైనదో తెలిసిపోవడమే దీని ప్రయోజనం.

మన దేశంలో ఈ ప్రయోజనానికి మరొక ముఖం ఉన్నది. 2019 మే నెలలో మదురై సమీపాన తిరుమంగళం వద్ద రెండు ప్యాసింజరు బండ్లు ఒకే మార్గంపై ఎదురెదురుగా వచ్చే పరిస్థితి ఏర్పడింది. స్టేషన్ మాస్టర్లు ఒకరి మాట మరొకరికి బోధపడకపోవడమే కారణమని వార్తలు వచ్చాయి. జూన్‌లో దక్షిణ రైల్వే, కంట్రోలు సంభాషణలు హిందీలోనో ఇంగ్లీషులోనో సాగాలని ఉత్తర్వు జారీచేసి, తమిళనాడులో నిరసన రేగగానే ఉపసంహరించుకున్నది. భాషా వివాదం చల్లారింది గాని, దానికి మూలమైన సమస్య అలాగే ఉన్నది. ధ్వని సంకేతం సంభాషణకు ప్రత్యామ్నాయం కాదు. కాని ప్రమాదం జరిగిందని చెప్పే తొలి క్షణానికి హిందీ, తమిళం, తెలుగు అవసరం లేదు.

పరిష్కారం ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 700 మెగాహెర్ట్జ్ బాండులో 5 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను రైల్వేలకు కేటాయించింది. అంచనా వ్యయం 25 వేల కోట్ల రూపాయలకు పైగా, గడువు అయిదేళ్లు. కవచ్‌లోనూ డ్రైవరు అత్యవసర సంకేతం పంపగల ఏర్పాటు ఉన్నది, అయితే ఎదుటి బండిలోనూ ఆ పరికరం ఉండాలి. దేశంలో 68 వేలకు మించిన రూట్ కిలోమీటర్లున్నాయన్నది విస్మరించరాదు.

కవచ్ ఎన్ని కిలోమీటర్లకు విస్తరించిందో సభలో ప్రకటిస్తున్న మంత్రిత్వశాఖ, ఏ డివిజన్‌లో ఎంత మార్గంలో డ్రైవరు ఒక్క బటన్‌తో కంట్రోలరును పిలవగలడో కూడా పక్కనే ప్రకటించాలి. మన సభ్యులు అడగవలసిన ప్రశ్న ఇది. కొత్తవలస-కిరండూల్ మార్గంలోని సొరంగాల వంటి చోట్ల ఏమి ఏర్పాటు చేశారన్నది మొదట అడగడం ఉచితం.