చెవిలో గులిమి – చిన్నచూపు వలదు

గత సంచికలో కంటి రక్షణను గూర్చి ముచ్చటించుకొన్నాము. ఈ మాసము చెవి వంతు. పాఠక మిత్రులు నవ్వుకొన్నా సరే, మా స్వానుభవముతోనే ఆరంభిస్తున్నాము.

పుదుచ్చేరిలో సాయంవేళ శ్రీమతితో కలిసి బీచి రోడ్డు వెంట గాంధీ విగ్రహము వరకు నడవడము మాకు నిత్యకృత్యము. కొన్ని వారాలుగా కెరటాల హోరు కుడిచెవికి మాత్రమే వినబడసాగింది. ఇంట్లో టెలివిజన్ శబ్దము పెంచమని మేము, తగ్గించమని పిల్లలు. అంతవరకు పరిహాసమే. కాని ఒకనాడు కంప్రెసరు హాలు వెలుపల, వెనుకనుండి వచ్చిన ఫోర్క్‌లిఫ్టు హారను మాకు వినబడలేదు. సహోద్యోగి భుజము పట్టి లాగకపోయినచో ఈ శీర్షిక వ్రాయుటకు మేము ఉండెడివారము కాము.

యంత్రాల రొదలో 28 ఏళ్ళు పనిచేసిన మాకు తోచినది ఒక్కటే: చెవుడు వచ్చింది. పదవీ విరమణకు ముందు ‘అన్‌ఫిట్’ అన్న ముద్ర పడుతుందేమోనన్న భయముతో ఎవరికీ చెప్పలేదు. పైగా దూదిపుల్లతో సొంత వైద్యము చేసుకొన్నాము. వినికిడి మరింత తగ్గింది.

శ్రీమతి పట్టుబట్టగా వైద్యుని వద్దకు వెళ్ళాము. ఆయన లైటుతో చెవిలోనికి చూచి, “గులిమి గట్టిపడి దారి మూసింది. పుల్లతో మీరే లోనికి దట్టించారు” అన్నారు. గులిమి మాలిన్యము కాదు. చెవి నాళపు వెలుపలి భాగములోని గ్రంథులు స్రవించే రక్షణ పూత. దుమ్మును పట్టుకొని, దవడ కదలికల తోడ్పాటుతో తనంతట తానే బయటకు వస్తుంది. సుమారు 2.5 సెంటీమీటర్ల ఆ నాళములో పుల్ల పెట్టడమంటే పిస్టనుతో కూరినట్లే.

కర్ణభేరికి రంధ్రమున్నదా, చీము కారినదా, చెవికి శస్త్రచికిత్స జరిగినదా, మధుమేహమున్నదా అని విచారించిన పిమ్మటనే వైద్యుడు చుక్కల మందు వ్రాసి, ఐదు రోజుల తరువాత రమ్మన్నారు. ఆనాడు చెవి దొప్పను పైకి, వెనుకకు లాగి, సిరంజితో నీటిధారను కర్ణభేరి మీదికి గాక నాళపు పైగోడ వెంట పంపారు. నీరు సందు గుండా గులిమి వెనుకకు చేరి, తిరిగి వస్తూ దానిని వెలుపలికి నెట్టింది. గొట్టాలలో పేరుకొన్న మడ్డిని కడిగే మన ఇంజనీర్లకు ఈ సూత్రము కొత్త కాదు. మూడవ సిరంజికి శనగగింజంత నల్లని ముద్ద పళ్ళెములో పడింది. నొప్పి గాని, తల తిరుగుడు గాని కలిగితే వెంటనే ఆపివేయవలెను.

నీరు శరీరపు వేడితో, అనగా 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండడము ముఖ్యము. వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ చెవులు కడుగునప్పుడు నీరు చల్లనైతే కళ్ళు ఒక దిక్కుకు, వేడియైతే వ్యతిరేక దిక్కుకు అదరుటను, రోగులకు తల తిరుగుటను గమనించారు. ఉష్ణోగ్రతా భేదముచే లోచెవిలోని ద్రవము చలించుటయే కారణమని వివరించారు. లోచెవిపై చేసిన పరిశోధనలకు ఆయనకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ!

ఆ సాయంత్రము కెరటాలు రెండు చెవులకూ వినిపించాయి. అయితే కథ అంతటితో ముగియలేదు. పిమ్మట తీసిన ఆడియోగ్రాములో రెండు చెవులకూ 4000 హెర్ట్జ్‌ల వద్ద పల్లము కనబడింది. అది గులిమి వలన కాదు. వయసులో ఉండగా రక్షణ సాధనాలు లేకుండా యంత్రాల నడుమ తిరిగిన ఫలము. దానిని ఏ సిరంజీ కడుగలేదు. మా ఉద్యోగము మాత్రము పోలేదు. ఇయర్‌మఫ్ లేనిదే హాలులో అడుగు పెట్టరాదన్న షరతు వచ్చింది, అంతే.

కనుక సోదర సోదరీమణులారా, వినికిడి తగ్గినచో దాచవద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల, కాచిన నూనె మీ చెవికీ వద్దు, పిల్లల చెవికీ వద్దు. పోయినదనుకొన్నది గులిమియే కావచ్చు; గులిమి అనుకొన్నది రొద చేసిన హాని కావచ్చు. ఏది ఏదో తేల్చవలసినది వైద్యుడు. రొదనుండి చెవిని కాపాడుకోవలసినది మనము.